మినప్పప్పు డబ్బాలో చార్జరు

సదయ్య ఇంట్లో ఏ వస్తువుకైనా చార్జింగు పెట్టే అధికారం సదయ్య ఒక్కడిదే. టార్చిలైటు, ఫోను, దోమలు కొట్టే బ్యాటు, ఆఖరికి ఎదురు క్వార్టరు పిల్లగాడి బొమ్మకారు అయినా సరే, ఆయన చేతి మీదుగానే ప్లగ్గుకు పోవాలి. ఎందుకంటే ఆయన గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి మీద ల్యాంప్ రూమ్‌లో పని చేస్తాడు. బాయిలోకి దిగే ప్రతి కార్మికుడూ కిటికీలో తన టోకెన్ ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుని పోతాడు. షిఫ్టు దిగి వచ్చాక దీపం తిరిగిచ్చి టోకెన్ తీసుకుంటాడు. ఆ దీపాలన్నిటినీ వరసగా తగిలించి, మళ్ళీ డ్యూటీ వేళకు నిండుగా చార్జింగు చేసి ఉంచడం సదయ్య ఉద్యోగం. లోపల దీపం ఆరితే మనిషికి తన చెయ్యి తనకే కనపడదు. అట్లా ఆరిపోయే దీపం తన కిటికీలోంచి ఒక్కటీ పోలేదని సదయ్యకు గర్వం. గర్వం న్యాయమైనదే, కాదనడానికి లేదు. చిక్కల్లా ఆ గర్వాన్ని ఆయన ల్యాంప్ రూమ్‌లో వదిలి రాడు, టిఫిన్ డబ్బాతో పాటు ఇంటికి తెస్తాడు.

ఆయన సిద్ధాంతం చాలా చిన్నది. చార్జింగు నిదానంగా ఎక్కాలి, నిదానంగా ఎక్కిందే నిలుస్తుంది. చార్జింగు మీద ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. సగం నిండినదాన్ని ఎవరికీ ఇయ్యకూడదు. భార్య సంతోషి పెళ్ళైన నాటి నుంచీ ఈ మూడు ముక్కలూ వింటూనే ఉంది. వినీ వినీ ఆమెకు ఇప్పుడు అవి చెవిలో పడవు, చెవి పక్క నుంచి పోతాయి.

అట్లాంటి ఇంట్లోకి కొత్త ట్యాబు వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కూతురు సహస్ర తల్లి కోసం కొని పంపింది. చదువుకునే పలక కంటే పెద్దది, దాంతోపాటు అరచేతి నిండా పట్టేంత తెల్లటి చార్జరు. దీంతో పెడితే గంటలో నిండుతుందని సహస్ర ఫోనులో చెప్పింది. గంట అనే మాట చెవిన పడగానే సదయ్య మొహం మాడిపోయింది.

"గంటల నిండేది గంటల పోతది," అన్నాడు. "గంత జోరుగ తాగిస్తే లోపల సెల్లు ఉబ్బుతది. నేను జిందగీ అంత గిదే పని చేసిన, నాకు చెప్తున్నరా?"

కొత్త చార్జరును దాని డబ్బాలోనే పెట్టి సజ్జ మీదికి ఎక్కించాడు. తన పాత ఫోనుదొకటి, మూలకు పడి ఉన్న చిన్న నల్ల చార్జరు, వెతికి బయటికి తీశాడు. దానికి సరిపడే వైరు చౌరస్తాలో చాంద్ పాషా దుకాణంలో కొన్నాడు. టీవీ పక్కన మేకు కొట్టి, ఆ చార్జరును దేవుడి పటం తగిలించినంత శ్రద్ధగా తగిలించాడు. సాయంత్రం పెడితే తెల్లారేసరికి ట్యాబు నిండేది. దాన్ని చూసుకుని ఆయన తృప్తిగా డ్యూటీకి పోయేవాడు.

సంతోషి ఆ తృప్తిని చెడగొట్టేది కాదు. కానీ ఆమెకు ఆ ట్యాబుతో ప్రాణంలాంటి పని ఉంది. ఆ పని పేరు సర్వపిండి.

సంతోషి తల్లి పోశవ్వ చేసే సర్వపిండి ఆ క్వార్టర్లలో అందరికీ తెలుసు. బియ్యప్పిండిలో సొరకాయ తురుము, నానిన శనగపప్పు, నువ్వులు, దంచిన ఎల్లిపాయ వేసి కలిపి, గంజు అనే లోతు గిన్నె లోపలి గోడకు పలచగా వత్తేది. వేలితో బొక్కలు చేసి, బొక్కకో నూనె చుక్క పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేది. వాసన తగలగానే ఇరుగుపొరుగు వాళ్ళు ఏదో ఒక సాకు పెట్టుకుని వచ్చేవాళ్ళు. పోశవ్వ ఆ పని ఇద్దరికే నేర్పింది. ఒకరు కూతురు సంతోషి, ఇంకొకరు కోడలు సంధ్యారాణి. సంధ్యారాణి మొగుడు జైపాల్ సంతోషికి అన్న, ఆయన కూడా సదయ్య బాయిలోనే ఫిట్టరు. వాళ్ళ క్వార్టరు రెండు వరసల వెనకాలే.

పోశవ్వ చనిపోయింది. ఆ మరుసటేడు కాలనీలో మహిళా దినోత్సవానికి వంటల పోటీ పెట్టారు. సంధ్యారాణి అత్త నేర్పిన సర్వపిండే చేసి మొదటి బహుమతి కొట్టింది. ఎవరు నేర్పారమ్మా అని మైకు ముందు పెడితే, "ఎవ్వలు నేర్పలే, నేనే కనిపెట్టిన," అంది. ఆ వీడియో సంధ్యారాణి సర్వపిండి అన్న పేరుతో అందరి ఫోన్లలో తిరిగింది. మూడో వరసలో కూర్చుని ఆ మాట విన్న సంతోషికి, తల్లి ఆ రోజు రెండోసారి చనిపోయినట్టు అనిపించింది. ఇంటికి వచ్చి కడుపు నిండా ఏడ్చింది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఆ రోజు నుంచి సంతోషి పూర్తి మొగుడైంది. వదినతో అవసరమైతేనే మాట, అదీ గోడకు చెప్పినట్టు.

ఈ ఏడు మంచిర్యాలలో జూహీ అనే పిల్ల నడిపే వంటల చానెల్ వాళ్ళు ఒక పోటీ పెట్టారు. చానెల్ పేరు మనూరి పొయ్యి. ఎవరి వంటింట్లో వాళ్ళు ఉండి వీడియో కాల్‌లో వండాలి. మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా కనపడాలి. వీడియో ఆగిపోయి ఐదు నిమిషాల్లో తిరిగి రాకపోతే ఆ మనిషి పోటీలో లేనట్టే. ఆఖరి పోటీని అందరూ చూసేటట్టు లైవ్‌లో పెడతారు. సంతోషి వెంటనే పేరు ఇచ్చింది. గెలవాలి, గెలిచి అంతమంది ముందు ఇది మా అవ్వ పోశవ్వ సర్వపిండి అని చెప్పాలి. ఆమెకు కావలసింది అంతే. బహుమతి మిక్సీ అట, అది ఎవరింటికి పోయినా ఆమెకు బాధ లేదు.

మొదటి వడపోతలోనే గండం వచ్చింది. మొగుడు మేకుకు తగిలించిన నల్ల చార్జరును ట్యాబుకు పెట్టుకునే ఆమె వంట మొదలుపెట్టింది. తెర మీద మెరుపు గుర్తు కనపడుతూనే ఉంది. చార్జింగు మాత్రం ఎక్కకపోగా దిగడం మొదలైంది. చివరికి వంకాయ కూర దించేసరికి ట్యాబు కొన ఊపిరితో ఉంది. ఇంకో రెండు తిప్పులు గరిట తిప్పి ఉంటే ఆరిపోయేదే. ఆమెకు కూర ఉప్పు చూసుకునే ధైర్యం కూడా లేకపోయింది.

మర్నాడు నల్ల చార్జరును కొంగులో కట్టుకుని చాంద్ పాషా దుకాణానికి పోయింది. ఆయన దాన్ని తిప్పి చూసి, మీద సన్నగా రాసి ఉన్నది చదివాడు.

"గిది పాడు జేసేది కాదక్కా, ఫికర్ పడకు," అన్నాడు. "కాని తక్కువ పవర్‌ది. ఊకె పక్కకు పెడితే రాత్రంత తాగి నిండుతది. వీడియో నడుపుకుంట పెడితే మాత్రం, పైన నల్లా సన్నగ వస్తది, కింద బిందెకు బొక్క. ఎట్ల నిండుతది?"

కొత్త చార్జరుతో సెల్లు పాడవుతుందా అని అడిగితే, దాని కోసమే చేసి పంపినదాన్ని సజ్జ మీద పెట్టుకోవడం ఏమి తెలివి అని నవ్వాడు. సంతోషి ఇంటికి వస్తూ ఆలోచించింది. ఈ మాట సదయ్యకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. చెప్పకుండా చేస్తే పని అవుతుంది, చెప్పి చేస్తే పంచాయితీ అవుతుంది. ఆమె పని వైపే మొగ్గింది.

మర్నాడు సదయ్య మొదటి షిఫ్టుకు పోగానే స్టూలు వేసుకుని సజ్జ ఎక్కింది. చార్జరు తీసుకుని, డబ్బాను ఉన్నచోటే ఉంచింది. బరువు తేడా తెలియకుండా లోపల ఒక ఉల్లిగడ్డ పెట్టింది. అది మొలకెత్తినప్పుడల్లా తీసి కూరలో వేసి, కొత్తది పెట్టేది. చార్జరును మినప్పప్పు డబ్బాలో అడుగున పూడ్చింది. సదయ్యకు మినపగారెలంటే ఇష్టమే కానీ ఆ పప్పు ఏ డబ్బాలో ఉంటుందో ఆయనకు జన్మలో తెలియదు.

అప్పటి నుంచి రోజూ అదే తంతు. ఆయన డ్యూటీకి పోతాడు, తెల్ల చార్జరు పప్పులోంచి లేస్తుంది. సంతోషి వంటల వీడియోలు చూస్తుంది, తాను వండేది రికార్డు చేసి తప్పులు పట్టుకుంటుంది, సహస్రతో ముచ్చట్లు పెడుతుంది. ఆయన వచ్చే వేళకు చార్జరు పప్పులోకి పోతుంది, ట్యాబు మేకు దగ్గర నల్లదానికి వేలాడుతుంది. సదయ్య వచ్చి చూస్తే నిండుగా ఉంటుంది. ఆయన చెప్పులు విడిచే ముందే దాన్ని చూసి తల ఊపేవాడు.

ఒకరోజు ఒంట్లో బాగాలేదని ఆయన సగం డ్యూటీకే ఇంటికి వచ్చాడు. తలుపు చప్పుడుకు సంతోషి తెల్లదాన్ని పప్పులోకి తోసి, నల్లదాన్ని గుచ్చగలిగింది కానీ, ట్యాబులో నడుస్తున్న వీడియోను ఆపలేకపోయింది. చార్జింగు మీద ఉన్నదాన్ని వాడుతున్నావా అని సదయ్య గొంతు లేచింది. అప్పుడు సంతోషి నోటికి ఒక అబద్ధం వచ్చింది. అది అంత చక్కగా వచ్చింది కాబట్టి ఆమె ఆపుకోలేకపోయింది.

"ఏమోనయ్యా, నీ చార్జరు మహిమ. వాడుకుంట పెట్టినా తగ్గుతలేదు, ఇంక నిండుతున్నది. నీ చెయ్యి మంచిది."

సదయ్య వంగి చూశాడు. నిండుగానే ఉంది. ఆయన తిట్టబోయిన మాట మింగి, మంచం మీద కూర్చున్నాడు. నిజానికి ఆయన కొలువులో మెప్పు ఉండదు. దీపం బాగా వెలిగితే ఎవరూ కిటికీ దగ్గరికి వచ్చి బాగా వెలిగిందని చెప్పరు. అందుకే పెళ్ళాం నోట వచ్చిన ఆ ఒక్క మాట ఆయనకు నేరుగా నెత్తికెక్కింది.

నెత్తికెక్కింది అక్కడే ఊరుకుంటే బాగుండేది. మర్నాటి నుంచి సదయ్య ప్రచారం మొదలుపెట్టాడు. టీ బండి దగ్గర, ల్యాంప్ రూమ్ కిటికీలో, ఎక్కడ నలుగురు నిలబడితే అక్కడ కొత్త చార్జర్లు బోగస్ అనీ, పాతవి తీయండనీ చెప్పాడు. దీపాల సదయ్య చెప్తే చార్జింగు విషయంలో కాదనే కార్మికుడు ఎవడుంటాడు? అటకల మీద నుంచి పాత చార్జర్లన్నీ దిగాయి. కొందరి ఫోన్లు మిట్టమధ్యాహ్నానికే పడుకున్నాయి. వాళ్ళు చార్జరును అనుమానించలేదు, తమ చెయ్యి మంచిది కాదనుకున్నారు. సాయంత్రం ఒకరిద్దరు వచ్చి సదయ్య చేత పెట్టించుకుని పోయారు కూడా. సంతోషి ఇదంతా చూస్తూ తేలు కుట్టిన దొంగలాగా ఉండిపోయింది.

పోటీలో వరసగా అందరూ రాలిపోయి ఇద్దరు మిగిలారు. ఒకరు సంతోషి, ఇంకొకరు తానూ పేరు ఇచ్చిన సంధ్యారాణి. చివరి పోటీకి ఏం వండుతారని అడిగితే ఇద్దరూ సర్వపిండే అన్నారు. ఒక్క ఇంటి వదినా ఆడబిడ్డలు ఒక్క వంటే చేస్తారని తెలిసి జూహీ సంబరపడిపోయింది. సంతోషికి మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

పోటీ ఆదివారం పెట్టారు. సదయ్యకు ఆ రోజు ప్లే డే, వారం సెలవు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, తానే వండబోతున్నట్టు తయారై కూర్చున్నాడు. అప్పుడు జైపాల్ ఉరుక్కుంటూ వచ్చాడు. వాళ్ళ ట్యాబు చార్జరు వైరును ఎలుక కొరికేసింది. పిల్లలు ఆటలాడి ఉన్న చార్జింగు సగం ఊడ్చేశారు. ఇంకో గంటలో పోటీ.

"బావ, నీ చార్జరు ఇయ్యి," అన్నాడు జైపాల్. "నువ్విచ్చిన దీపం లోపల నాకు ఎన్నడు ఆరలే. నువ్విచ్చినదైతే నాకు ధీమా ఉంటది."

సదయ్య మేకు మీది నల్ల చార్జరును తీసి, వైరు మడతలు సరిచేసి, రెండు చేతులతో ఇచ్చాడు. మామూలుగా అయితే సగం నిండినదాన్ని చార్జింగు మీద ఉండగా వాడనియ్యను కానీ, ఈ చార్జరు సంగతి వేరని, నీ చెల్లె రోజూ వాడుకుంటూనే నింపుతుందని చెప్పాడు. కాల్ అయిపోయేదాకా తియ్యవద్దని కూడా చెప్పాడు.

సంతోషి పొయ్యి దగ్గర నిలబడి అంతా విన్నది. అన్నా, అది వద్దు అని ఒక్క మాట అంటే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెంటనే చెవిలో మైకు మోగింది. ఎవ్వలు నేర్పలే, నేనే కనిపెట్టిన. ఆమె మాట మింగేసి టీ వడగట్టింది. అన్న టీలో ఒక చెంచా చక్కెర ఎక్కువే వేసి ఇచ్చింది. మరి నీకు చార్జరు వద్దా అని సదయ్య అడిగితే, నాది నిండుగనే ఉందని చెప్పింది. అందులో అబద్ధం లేదు.

పదకొండు గంటలకు లైవ్ మొదలైంది. తెర మీద రెండు గడులు. ఒకదాంట్లో సంతోషి, ఒకదాంట్లో సంధ్యారాణి, కింద మూలకు నవ్వుతూ జూహీ. పక్కన చూస్తున్నవాళ్ళ సంఖ్య ఎక్కుతూ ఉంది. సంతోషి పిండి కలుపుతూ ఒక కన్ను వదిన గడి మీదే పెట్టింది. మొదటి రౌండులో ట్యాబు ఎట్లా దిగిందో ఆమెకు ఇంకా గుర్తే. ఈ లెక్కన వదిన గంజు మీద మూత పెట్టే వేళకు ఆట ముగుస్తుంది. ఆ ఆలోచనకు ఆమె చేతులకు హుషారు వచ్చింది, నోట్లో చిన్నగా కూనిరాగం కూడా వచ్చింది. తెరకు కనపడకుండా స్టూలు మీద కూర్చున్న సదయ్య కూడా సంధ్యారాణి గడినే చూస్తున్నాడు. ఆయన చూసేది వంటను కాదు, అక్కడ తన చార్జరు నడిపిస్తున్న బొమ్మను.

ఇద్దరూ పిండి వత్తారు, బొక్కలు చేశారు, నూనె పోశారు. సంతోషి మూత పెట్టి మంట తగ్గించింది. అప్పుడు జూహీ సంధ్యారాణి వైపు తిరిగి, ఆమె పోయినేటి వీడియో చూశామనీ, ఈ సర్వపిండిని ఆమే కనిపెట్టిందట కదా, ఎట్లా తట్టిందో చెప్పమనీ అడిగింది. సంతోషి పళ్ళు పటపటలాడాయి.

సంధ్యారాణి చేతులు తుడుచుకుంది. తల ఎత్తింది.

"నేను కనిపెట్టలేదమ్మా. పోయినేడు మైకు ముందల పెట్టంగనే భయమైంది, నోటికొచ్చింది అన్న. గా మాట అన్నప్పటి సంది నాకు సర్వపిండి మింగుడు పడుతలేదు. ఇయ్యాల అందరి ముందు చెప్తున్న. ఇది మా అత్తమ్మ..."

గడి నల్లబడింది.

జూహీ రెండుమూడుసార్లు సంధ్యారాణి గారూ అని పిలిచింది. ఐదు నిమిషాలు చూద్దామంది. సంతోషి చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. తాను పొద్దున నుంచి ఎదురుచూసిన క్షణం ఇదే. వచ్చింది. వచ్చి, అవ్వ పేరును గుటుక్కున మింగేసింది.

ఆమెకు అప్పుడు తెలిసివచ్చింది. తాను గెలిచి అవ్వ పేరు చెప్తే ఏమవుతుంది? కూతురు తల్లిని పొగడడం లోకంలో ఉన్నదే, విన్నవాళ్ళు సరేలే అనుకుంటారు. కోడలు నిండు సభలో అత్త పేరు చెప్పి, ఈ పని ఆమెదే అని ఒప్పుకోవడం ఎవరు చూశారు? అవ్వకు దక్కాల్సిన మర్యాద అదీ. ఆ మర్యాద పెదవి దాకా వచ్చాక, తాను ఇచ్చిన టీ, చెప్పని మాట కలిసి దాన్ని ఆర్పేశాయి. సంతోషికి తన మీద తనకే రోత పుట్టింది.

మెరుపు గుర్తు చూపిస్తూనే ఉండాలి కదా, ఎట్లా ఆగిందని సదయ్య పక్కన గొణుగుతున్నాడు. సంతోషి మినప్పప్పు డబ్బా దింపి, పిండి చేతినే లోపలికి దూర్చింది. చార్జరు పైకి వచ్చింది, దాని వెంట పప్పు కూడా వచ్చి వంటిల్లంతా జల్లుమని రాలింది. సదయ్య చార్జరును చూశాడు. సజ్జను చూశాడు. మళ్ళీ చార్జరును చూశాడు.

"గది సజ్జ మీద కదా ఉండాలె," అన్నాడు.

"తర్వాత తిట్టుదువు గాని. మంట సన్నగ పెట్టిన, ముట్టకు. ట్యాబు ముందల నిలబడు," అని సంతోషి చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడింది.

ఆదివారం కాబట్టి క్వార్టర్ల ముందు జనం అంతా బయటే ఉన్నారు. ఒకాయన బండి కడుగుతున్నాడు, ఇంకొకాయన కోడిని కోయించుకుని వస్తున్నాడు. మోచేతుల దాకా పిండితో, చేతిలో వైరు వేలాడుతూ, మోకాళ్ళ నొప్పుల మనిషి అట్లా ఉరుకుతుంటే వాళ్ళకు ఏమనుకోవాలో తెలియలేదు. ఎవరికి దెబ్బ తగిలిందని ఒకరు అడిగారు. ఆమె ఆగలేదు.

జైపాల్ ఇంట్లో ట్యాబు ముందు సంధ్యారాణి కళ్ళనీళ్ళతో కూర్చుని ఉంది. జైపాల్ నల్ల చార్జరును అరచేతిలో కొట్టి కొట్టి మళ్ళీ గుచ్చుతున్నాడు. సంతోషి దాన్ని పీకి పక్కన పారేసి, తెల్లదాన్ని పెట్టింది. కంపెనీ క్వార్టరు స్విచ్చిబోర్డు పాతది, సాకెట్టు వదులు. బరువైన ఆ చార్జరు అందులో నిలవక జారిపోతూ ఉంది. సంతోషి దాన్ని చేత్తో గోడకు అదిమి పట్టుకుని నిలబడింది. అంతగా ఎండిపోయిన ట్యాబు వెంటనే లేవదు కదా, ఖాళీ గుర్తు చూపించి కూర్చుంది.

సంధ్యారాణి ఆ తెల్ల చార్జరును చూసింది, తర్వాత ఆడబిడ్డ మొహం చూసింది. ఆమె తెలివితక్కువ మనిషేమీ కాదు.

"గీ నల్లది ఆగిపోతదని నీకు ముందే తెల్సా?"

"తెల్సు."

"మరి ఇప్పుడెందుకు ఉరికొచ్చినవ్?"

"అవ్వ పేరు నీ నోట్ల సగంల ఆగింది వదినా," అంది సంతోషి. "మొత్తం చెప్పు."

అంతలో ట్యాబు లేచింది. సంధ్యారాణి కాల్‌లోకి పోయింది. ఐదు నిమిషాలు ఇంకా దాటలేదు.

తెర మీద రెండో గడి నిండా సదయ్య మొహం ఉంది. జూహీకి ఆయన ల్యాంప్ రూమ్ గురించి, నిదానంగా ఎక్కిన చార్జింగు ఎట్లా నిలుస్తుందో వివరంగా చెప్తున్నాడు. ఆయన వెనకాల గంజులోంచి నల్లటి పొగ లేస్తోంది. ఆ పొగ ఏమిటని జూహీ అడిగితే సదయ్య వెనక్కి తిరిగి చూశాడు.

"ఆమె వచ్చేటాల్లకు జల్ది అయితదని మంట పెంచిన," అన్నాడు.

లోకమంతా చూస్తుండగా ఆ మాట అన్నాక, చార్జరు గురించి పెళ్ళాన్ని నిలదీసే హక్కు ఆయనకు పోయింది. ఆ సంగతి ఆయనకు కూడా వెంటనే తెలిసినట్టుంది, మెల్లగా తెర పక్కకు జరిగాడు. సంతోషి సర్వపిండి మాడి మసైంది. పోటీలో ఆమె పని అయిపోయింది.

జూహీ నవ్వు ఆపుకుని సంధ్యారాణి వైపు తిరిగింది. మీ అత్తమ్మ గురించి చెప్తున్నారు, చెప్పండి అంది. సంధ్యారాణి కొంగుతో మొహం తుడుచుకుని సరిగ్గా కూర్చుంది.

"మా అత్తమ్మ పేరు పోశవ్వ. గీ సర్వపిండి ఆమెది. నేను కొత్తగ కాపురానికొచ్చినప్పుడు పిండి గంజుకు అంటుతలేదని ఏడిస్తే, నా చెయ్యి పట్టి వత్తిపిచ్చింది. నాది అని చెప్పుకున్నందుకు ఆమె నన్ను మాఫ్ చెయ్యాలె."

గోడ పక్కన, తెరకు కనపడకుండా, సంతోషి కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఒక చెయ్యి చార్జరు మీద ఉంది, రెండో చేతి నిండా పిండి. తుడుచుకోవడానికి లేదు. పోశవ్వ పేరు మంచిర్యాల దాకా, అక్కడి నుంచి ఎవరెవరి ఇళ్ళకో పోయింది. అంతకంటే ఆమెకు కావలసింది ఏమీ లేదు.

సంధ్యారాణి మాత్రం ఇంకా ఆపలేదు. కళ్ళు తుడుచుకుని, కొంచెం ధైర్యం వచ్చి, జూహీ వైపు వంగి చెప్పింది.

"మా ఆడబిడ్డకు గూడ అత్తమ్మనే నేర్పింది. కాని ఆమె చేతికి నా అంత కుదరలే. అత్తమ్మనే అనేది."

జైపాల్ గతుక్కుమని చెల్లె చేతి వైపు చూశాడు. ఆ చార్జరును కొంచెం వదిలితే చాలు, ట్యాబులో ఇంకా గుక్కెడు కూడా ఎక్కలేదు. సంతోషి పళ్ళు కొరికింది. ఒకసారి వదిన మెడ వైపు, ఒకసారి చార్జరు వైపు చూసింది. తర్వాత దాన్ని ఇంకా గట్టిగా గోడకు అదిమి పట్టుకుంది.